రాయితీ వెనుక షరతు: విద్యార్థులు, కంప్యూటర్లు, లైసెన్సులు

(కోల్‌కతాలో తెలుగు కార్మిక, ఉద్యోగ కుటుంబాల పిల్లల కొరకు నడుస్తున్న సాయంకాల కంప్యూటర్ శిక్షణ తరగతుల ప్రారంభ సభలో మా ఫెడరేషన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



టిటాగఢ్ జనపనార మిల్లుల వాడల నుండి, గార్డెన్ రీచ్ రైల్వే క్వార్టర్ల నుండి, సెలవు దొరికినవారు ఖరగ్‌పూర్ నుండి కూడా ఈ సభకు వచ్చారు. తల్లిదండ్రులలో కొందరు షిఫ్టు ముగించుకొని తిన్నగా ఇటే వచ్చారని చూస్తేనే తెలుస్తున్నది. కనుక ఉపోద్ఘాతం పెంచక విషయానికి వస్తాము.

విషయం వినడానికి చిన్నది. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమును విద్యార్థులకు తక్కువ ధరకు ఇస్తామంటారు. పాతది ఉన్నవారికి కొత్తది తక్కువ ధరకు ఇస్తామంటారు. ఈ రెండు రాయితీలకూ నియమాలు ఏమిటి? అవి ఎవరి మేలు కొరకు ఏర్పడినవి? వాటిని చదవక మనము ఎక్కడ దెబ్బతిన్నాము? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగం.

వేతన ఒప్పందాలు, బోనసు మాట్లాడే వేదిక మీద ఇదేమి విషయమని కొందరు అనుకోవచ్చును. ఒప్పంద పత్రంలో ఒక్క వాక్యం చదవకుండా సంతకం చేస్తే ఏమవుతుందో కార్మిక సంఘాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తెలిసి కూడా మేము చదవలేదు. ముందుగా ఆ పొరపాటును మీ ఎదుట ఒప్పుకొనడం మా విధి.

మా పొరపాటు

కొన్ని సంవత్సరాల క్రితం, సభ్యుల చందాలతో ఎనిమిది పాత కంప్యూటర్లు కొన్నాము. ఒక కార్యాలయం వాడి తీసివేసిన యంత్రాలవి. వాటిలోని డిస్కులను తీసివేసి అమ్మినందున లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమూ లేదు. కొత్త డిస్కులు పెట్టించాము. నగరంలోని ఒక వ్యాపారి, "ఇది పిల్లల చదువు కొరకు గదా, విద్యార్థి రాయితీ కాపీలు ఉన్నాయి, పావు ధరకే ఇస్తాను" అన్నాడు. మేము సంతోషించాము. డబ్బు మిగిలిందని కార్యవర్గ సమావేశంలో చెప్పుకున్నాము. యంత్రాలు తెరిస్తే తెరుచుకున్నాయి, నడిపితే నడిచాయి. ఇంకేమి కావాలని అనుకున్నాము.

పిల్లలకు ధ్రువపత్రం ఇచ్చే పరీక్షకు మా కేంద్రాన్ని గుర్తించమని దరఖాస్తు పెట్టినప్పుడు అసలు సంగతి బయటపడినది. తనిఖీకి వచ్చినవారు లైసెన్సు కాగితాలు అడిగారు. చూపించాము. వారు చదివి మూడు లోపాలు చెప్పారు. మొదటిది, ఆ రాయితీ గుర్తింపు పొందిన విద్యాసంస్థలకూ, వాటి విద్యార్థులకూ మాత్రమే. మా సాయంకాల కేంద్రానికి అటువంటి గుర్తింపు లేదు. రెండవది, అవి పూర్తి కాపీలు కావు, అప్‌గ్రేడ్ కాపీలు. వాటికి ఆధారంగా యంత్రంలో అర్హమైన పాత లైసెన్సు ఒకటి ఉండాలి. మూడవది, ఆ పాత లైసెన్సు మా యంత్రాలతో వచ్చినట్లు చూపే కాగితం ఒక్కటీ మా వద్ద లేదు. దరఖాస్తు పక్కన పెట్టారు. ఆ విడత చేరిన ఇరవై రెండు మంది పిల్లలు పరీక్ష వ్రాయలేకపోయారు.

వారిలో ఒక మిల్లు కార్మికుని కుమార్తె మమ్ములను అడిగిన మాట నేటికీ మరువలేదు. "బాబాయిగారూ, ఆ కాగితం చదివి సంతకం పెట్టారా, పెట్టిన తరువాత చదివారా?" అన్నది. మేము సమాధానం చెప్పలేకపోయాము. ఈనాటి ప్రసంగం ఆ అమ్మాయికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానం అనుకోండి.

అద్దె పద్ధతి కొత్తది కాదు

కోల్‌కతా నగరానికి కంప్యూటరు కొత్త కాదు. భారతదేశంలో మొదటి డిజిటల్ కంప్యూటరు నెలకొన్నది ఈ నగరంలోనే, 1956లో, భారత గణాంక సంస్థలో. బ్రిటన్ నుండి వచ్చిన ఆ యంత్రం పేరు హెచ్‌ఇసి-2ఎం. ఆ కాలంలో యంత్రం వేరు, దానిని నడిపే ప్రోగ్రాము వేరు అని ధర కట్టే ఆచారం లేదు. ప్రోగ్రాములు వాడేవారే వ్రాసుకొనేవారు. లేదా యంత్రంతో పాటే వచ్చేవి.

మన ముందు తరం వారికి గుర్తుండే మరొక ఘట్టం ఉన్నది. 1960ల రెండవ సగంలో జీవిత బీమా కార్పొరేషను ఈ నగరంలోని ఇలాకో హౌస్‌లో కంప్యూటరు నెలకొల్పదలచినప్పుడు బీమా ఉద్యోగులు పహరా కాచి అడ్డుకున్నారు. ఆనాటి ప్రశ్న ఉద్యోగాల ప్రశ్న. తరువాత పరిస్థితులు మారినవి. 1983 సెప్టెంబరు 8న బ్యాంకు ఉద్యోగుల సంఘాలు యాజమాన్యాలతో యాంత్రీకరణపై ఒప్పందం చేసుకున్నాయి. యంత్రం రావాలా వద్దా అన్న చర్చ ముగిసి, ఏ షరతుల మీద రావాలి అన్న చర్చ మొదలైనది. నేడు మేము మాట్లాడేది ఆ రెండవ ప్రశ్నకు కొనసాగింపే.

ఆ రోజులలో ఈ దేశంలో ఐబిఎం కంపెనీ తన యంత్రాలను ప్రధానంగా అద్దెకు ఇచ్చేది. ఇతర దేశాలలో వాడి పక్కన పెట్టిన 1401 రకం యంత్రాలను ఇక్కడ బాగుచేసి అద్దెకు తిప్పింది. ఏండ్ల తరబడి అద్దె కట్టినా వాడుకదారు యజమాని కాలేదు. విదేశీ వాటాను తగ్గించుకొమ్మన్న ప్రభుత్వ షరతును అంగీకరించక ఆ కంపెనీ 1978లో దేశం విడిచి వెళ్ళినది. ఆ యంత్రాల నిర్వహణ ప్రభుత్వ రంగ సంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ చేతికి వచ్చినది.

యంత్రం అద్దె అంతటితో పోయినది. కాని అదే పద్ధతి మరొక రూపంలో తిరిగి వచ్చినది. 1969లో ఐబిఎం కంపెనీయే అమెరికాలో ప్రోగ్రాములకు యంత్రం నుండి విడిగా ధర కట్టనారంభించినది. అప్పటి నుండి సాఫ్ట్‌వేర్ ఒక ప్రత్యేక సరుకు అయినది. ఈనాడు యంత్రం మన సొంతం. దానిని నడిపేది మాత్రం మన సొంతం కాదు.

కాలేజీ వీధి న్యాయం, లైసెన్సు న్యాయం

మిత్రులారా, మీరందరూ కాలేజీ వీధి ఎరుగుదురు. అక్కడ ఒక విద్యార్థి పాత పుస్తకం కొంటాడు. పరీక్ష కాగానే మరొక విద్యార్థికి అమ్ముతాడు. పుస్తకం మొదటి పుటలో ముగ్గురు నలుగురి పేర్లు వరుసగా కొట్టివేయబడి ఉంటాయి. గ్రంథకర్త హక్కు ఎక్కడికీ పోలేదు. ఆ పుస్తకాన్ని అచ్చువేసి అమ్మే అధికారం కొన్నవానికి రాలేదు. కాని ఆ ఒక్క ప్రతి అతనిది. చదవవచ్చు, అమ్మవచ్చు, తమ్మునికి ఇవ్వవచ్చు.

విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమును కొన్నప్పుడు లైసెన్సు పత్రం చెప్పేది వేరు. దీనిని మీకు అమ్మడం లేదు, వాడుకొనే అనుమతి మాత్రమే ఇస్తున్నామని అందులో వ్రాసి ఉంటుంది. ఆ అనుమతి ఎవరికి, ఏ యంత్రం మీద, ఏ పని కొరకు అన్నది ఆ పత్రమే నిర్ణయిస్తుంది.

ఇది అమ్మకమా, అనుమతియా అన్న వివాదం న్యాయస్థానాలకు వెళ్ళినది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ మీద అమ్మకపు పన్ను విధించగా టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సుప్రీం కోర్టుకు వెళ్ళినది. బజారులో తయారుగా అమ్మే సాఫ్ట్‌వేర్ "సరుకే" అని ఆ కోర్టు 2004 నవంబరులో తీర్పు చెప్పినది. 2021 మార్చి 2న మరొక పన్ను కేసులో, విదేశీ కంపెనీలకు వాడుకదార్లు చెల్లించేది కాపీరైటు మీద రాయల్టీ కాదని, అది సరుకు కొనుగోలు వంటిదేనని అదే న్యాయస్థానం చెప్పినది. ఐరోపా న్యాయస్థానం 2012 జూలైలో, కాలపరిమితి లేకుండా అమ్మిన సాఫ్ట్‌వేర్ ప్రతిని కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చునని తీర్పు ఇచ్చినది. అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 2010లో ఇందుకు వ్యతిరేకంగా, లైసెన్సు పొందినవాడు యజమాని కాడని చెప్పినది.

పన్ను వసూలు చేసేటప్పుడు అది సరుకు. మనము తిరిగి అమ్ముకుందామంటే అది అనుమతి. ఈ వైరుధ్యాన్ని గమనించండి. అయితే ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. మన దేశంలోని ఈ రెండు తీర్పులు పన్ను వివాదాలలో వచ్చినవి. వాటి వలన లైసెన్సు షరతులు రద్దు కాలేదు. మన కాపీరైటు చట్టంలోని 63బి సెక్షను ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి కూడా కంప్యూటరులో వాడినవారికి ఏడు రోజులకు తగ్గని, మూడేండ్ల వరకు జైలు, యాభై వేలకు తగ్గని, రెండు లక్షల వరకు జరిమానా ఉండవచ్చును. లాభాపేక్షతో గాని, వ్యాపారంలో గాని వాడలేదని తేలితే జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో కోర్టు విడిచిపెట్టవచ్చును. కాబట్టి "అందరూ చేస్తున్నదే గదా" అన్న మాట మన సంఘాల కార్యాలయాలలో వినబడరాదు.

రైలు టికెట్టు ఉదాహరణ

ఇక లైసెన్సుల రకాలు. ఇక్కడ రైల్వే కుటుంబాల వారు ఎక్కువగా ఉన్నారు గనుక టికెట్ల భాషలోనే చెబుతాము.

మొదటి రకం, యంత్రంతో పాటు వచ్చే లైసెన్సు. ఇది ఆ బండికి మాత్రమే చెల్లే టికెట్టు. ఆ యంత్రం తుక్కుకు పోతే లైసెన్సు కూడా దానితో పోతుంది. మరొక యంత్రానికి మార్చడానికి వీలు లేదు. తక్కువ ధరకు దొరికేది అందుకే.

రెండవ రకం, దుకాణంలో విడిగా కొనే పూర్తి లైసెన్సు. ధర ఎక్కువ. కాని ఒక యంత్రం నుండి తీసివేసి మరొక యంత్రంలో పెట్టుకోవచ్చును. ఒకేసారి రెండింటిలో వాడరాదు.

మూడవ రకం, అప్‌గ్రేడ్ లైసెన్సు. స్లీపరు టికెట్టుతో బండి ఎక్కి, పై తరగతికి మారదలచినవానికి టికెట్టు తనిఖీదారు తేడా డబ్బు తీసుకొని రసీదు వ్రాసి ఇస్తాడు. ఆ రసీదు ఒక్కటే చేత పట్టుకొని ప్రయాణం చేయడం కుదరదు. అసలు టికెట్టు కూడా చూపించాలి. అప్‌గ్రేడ్ లైసెన్సు ఆ తేడా రసీదు వంటిది. అంతేకాదు, అప్‌గ్రేడ్ చేసిన తరువాత పాత లైసెన్సు దానిలో కలిసిపోతుంది. పాతదానిని తీసి మరొక యంత్రంలో వాడుకుంటామంటే కుదరదు.

ఈ నియమం అందరికీ తెలియదు, ఎందుకంటే యంత్రం ఎల్లప్పుడూ అభ్యంతరం చెప్పదు. పూర్వం విండోస్ అప్‌గ్రేడ్ కాపీలు పాత డిస్కును ఒకసారి చూపిస్తే చాలునని ఒప్పుకొనేవి. 2007లో వచ్చిన విస్టాతో, పాతది యంత్రంలో ఎక్కించి ఉండాలన్న నిబంధన పెట్టారు. విండోస్ 10 వచ్చిన 2015 జూలై 29 నుండి ఒక సంవత్సరం పాటు 7, 8.1 వాడుకదార్లకు ఉచిత అప్‌గ్రేడ్ అన్నారు. 2016 జూలై 29తో ఆ అవకాశం ముగిసిందన్నారు. అయినా ఆ తరువాత కూడా పాత తాళం అంకెలతో కొత్తది తెరుచుకుంటూనే ఉన్నది. 2023 సెప్టెంబరులో ఆ దారి మూసివేశారు. ఏడేండ్లు చూసీ చూడనట్లు వదిలినంత మాత్రాన అది హక్కు కాలేదు. తనిఖీ లేని బండిలో టికెట్టు లేకుండా వెళ్ళినవానికి ప్రయాణపు హక్కు వచ్చినట్లు కాదు గదా.

పెద్ద సంఖ్యలో కొనే సంస్థలకు మరొక చిక్కు ఉన్నది. సంస్థలకు మొత్తంగా ఇచ్చే విండోస్ లైసెన్సులు సాధారణంగా అప్‌గ్రేడ్ లైసెన్సులే. ఖాళీ యంత్రం మీద అవి చెల్లవు. విద్యాసంస్థల ఒప్పందాలలో ఇంటి వాడుక కొరకు వచ్చే హోమ్ రకం కూడా ఆధారంగా పనికివస్తుంది. వ్యాపార సంస్థల ఒప్పందాలలో అది పనికిరాదు. అంటే ఒకే యంత్రం, ఒకే కాపీ, బడి గదిలో సక్రమం. పక్క గదిలోని కార్యాలయంలో అక్రమం.

విద్యార్థికి ఎందుకు తక్కువ?

విద్యార్థి రాయితీ మరొక విధమైన టికెట్టు. సీజన్ టికెట్టులో విద్యార్థికి రాయితీ ఉన్నది. బండి అదే, పెట్టె అదే, పట్టాలు అవే. కాని ఆ టికెట్టు ఆ విద్యార్థి పేరున మాత్రమే చెల్లుతుంది. విద్యార్థి అప్‌గ్రేడ్ లైసెన్సు అంటే ఈ రెండు షరతులూ కలిసినట్లు: అతడు అర్హుడైన విద్యార్థి అయి ఉండాలి, అతని వద్ద అసలు టికెట్టు కూడా ఉండాలి.

2009లో విండోస్ 7 వచ్చినప్పుడు అమెరికాలో కళాశాల విద్యార్థులకు 29.99 డాలర్లకే ఇచ్చారు. కళాశాల ఈమెయిలు చిరునామా ఉండాలి. అది అప్‌గ్రేడ్ కాపీ. మన దేశంలో 2012 అక్టోబరు చివరలో విండోస్ 8 వచ్చినప్పుడు అప్‌గ్రేడ్‌ను 1,999 రూపాయలకు, కొత్తగా విండోస్ 7 యంత్రం కొన్నవారికి 699 రూపాయలకు ఇచ్చారు. 2013 జనవరి 31తో ఆ ధరలు ముగిసినవి. అంతకు ముందు 2005లో, విండోస్ ఎక్స్‌పి స్టార్టర్ అనే చవక రకాన్ని మన దేశానికి తెచ్చారు. అందులో ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరుచుకోవు. ఇతర కంప్యూటర్లతో కలపడానికి వీలు లేదు. నాలుగవ ప్రోగ్రాము తెరవలేకపోవడం యంత్రం బలహీనత కాదు. కొన్నవాని ధరకు తగినట్లు వేసిన బేడీ అది.

దీని వెనుక లెక్క ఏమిటి? ఒక చీర నేయడానికి నూలు కావాలి, ఒక బస్తా నేయడానికి జనుము కావాలి. సాఫ్ట్‌వేర్‌కు మొదటి ప్రతి తయారు చేయడానికి వేలమంది ఇంజనీర్ల శ్రమ కావాలి. రెండవ ప్రతికి ఖర్చు దాదాపు సున్న. కాబట్టి ప్రతి వాడుకదారు నుండి అతడు ఇవ్వగలిగినంత రాబట్టుకొనడమే వ్యాపారం. కార్యాలయం దగ్గర ఎక్కువ, ఇంటివారి దగ్గర తక్కువ, విద్యార్థి దగ్గర మరీ తక్కువ. ఒకరికి ఇచ్చిన తక్కువ ధర ప్రతి మరొకరి చేతికి పోకుండా కట్టిన గోడలే ఈ నియమాలన్నీ. పైగా నేటి విద్యార్థి రేపటి గుమాస్తా. కళాశాలలో ఏది అలవాటైనదో, కార్యాలయంలో దానినే అడుగుతాడు. అప్పుడు కార్యాలయం పూర్తి ధర చెల్లిస్తుంది.

ఆ ఇంజనీర్లకు వేతనం వద్దని మేము అనడం లేదు. వారూ కార్మికులే, వారిలో మన హైదరాబాదు పిల్లలు ఎందరో ఉన్నారు. విద్యార్థికి రాయితీ చెడ్డదని కూడా అనడం లేదు. రాయితీ తీసుకొనేవానికి దాని షరతు, గడువు, ముగింపు ముందే తెలియాలని మాత్రమే అంటున్నాము.

2025 అక్టోబరు 14

ఈ మాటలన్నీ ఒకే చోట పరీక్షకు వచ్చిన తేదీ ఒకటి ఉన్నది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు నిలిచిపోయినవి. యంత్రం ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మత్తు రాదు. వేతన పట్టికలు, సభ్యుల చిరునామాలు, బ్యాంకు వివరాలు ఉన్న యంత్రానికి అది తాళం లేని బీరువా వంటి స్థితి.

విండోస్ 11కు అప్‌గ్రేడ్ ఉచితమే. అయితే యంత్రంలో టిపిఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే కొద్ది మినహాయింపులతో ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతది కావాలి. చాందినీ చౌక్‌లో మన పిల్లలు కొనే పాత యంత్రాలలో అనేకం ఈ గీతకు కింద ఉన్నవే. ధర సున్న, అర్హత లేదు. రాయితీ ధరలో కాక యంత్రపు వయస్సులో షరతు దాగి ఉన్నది.

పాతదానినే వాడుతూ సవరణలు పొందదలచినవారికి కంపెనీ ప్రకటించిన రేట్లు వినండి. సంస్థలకు యంత్రానికి మొదటి సంవత్సరం 61 డాలర్లు, రెండవ సంవత్సరం 122, మూడవ సంవత్సరం 244. రెండవ సంవత్సరంలో చేరితే మొదటి సంవత్సరం బాకీ కూడా కట్టాలి. విద్యాసంస్థలకు అదే సవరణ 1 డాలరు, 2 డాలర్లు, 4 డాలర్లు. ఇంటి వాడుకదార్లకు ఒక సంవత్సరానికి 30 డాలర్లు. తన యంత్రపు అమరికలను కంపెనీ ఖాతాలో దాచుకొనడానికి ఒప్పుకుంటే ఉచితం.

61కి, 1కి మధ్య సవరణలో తేడా ఏమీ లేదు. తేడా అడిగినవాని గుర్తింపు పత్రంలోనే. గుర్తింపు పొందిన కళాశాలకు ఒక డాలరు. మిల్లు కార్మికుల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే మా వంటి కేంద్రానికి గుర్తింపు లేదు గనుక ఆ ధర వర్తించదు. ఎవరికి రాయితీ నిజంగా అవసరమో వారే గోడకు బయట నిలబడి ఉన్నారు. ఇదే మా అభ్యంతరం.

వేరొక దారి, దాని ఇబ్బందులు

గోడ లేని దారి కూడా ఉన్నది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి లినక్స్‌ను మొదలుపెట్టారు. ఈ రెండూ కలిసిన వ్యవస్థకు కూడా లైసెన్సు ఉన్నది. కాని ఆ లైసెన్సు చెప్పేది తలక్రిందులు: వాడుకో, చదువు, మార్చు, ఇతరులకు ఇవ్వు, ఇచ్చేటప్పుడు ఈ హక్కులే వారికీ ఇవ్వు. ఇందులో విద్యార్థి ధర, కార్యాలయ ధర అన్న భేదం లేదు. అప్‌గ్రేడ్‌కు పాత టికెట్టు అడిగేవారు లేరు. ఇది కాలేజీ వీధి న్యాయమే. పైగా పుస్తకాన్ని అచ్చువేసుకొనే హక్కు కూడా ఇచ్చినట్లు.

మన తెలుగువారు ఇందులో వెనుకబడి లేరు. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ అనే బృందం ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులతో కలిసి తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమును తయారు చేసినది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ అనే పేరుతో భారతీయ భాషల వ్యవస్థను విడుదల చేసినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఈ మార్గాన్నే పట్టుకున్నాయి. 2019లో ఆ రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ కైట్, రెండు లక్షలకు పైగా పాఠశాల కంప్యూటర్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడటం వలన లైసెన్సుల రూపంలో 3,000 కోట్ల రూపాయలు ఆదా అవుతుందని అంచనా వేసినది.

అయితే ఇబ్బందులను దాచడం మా పద్ధతి కాదు. ఈ నగరంలో బుర్రాబజార్ గద్దీలలోను, డల్హౌసీ ప్రాంతపు కార్యాలయాలలోను ఉద్యోగానికి వెళ్ళిన పిల్లవానిని ముందుగా అడిగేది టాలీ వచ్చునా అని. అది విండోస్ కొరకు చేసినది. పాత ప్రింటర్లు కొన్ని లినక్స్‌తో మొరాయిస్తాయి. చెడిపోతే బాగుచేయగల మనిషి వీధి చివర దొరకడు. సిద్ధాంతం మంచిదని పిల్లలకు ఉద్యోగం రాని చదువు చెప్పడం న్యాయం కాదు.

మేము చేసినది ఇది. ఎనిమిది యంత్రాలలో ఆరింటిలో స్వేచ్ఛా వ్యవస్థ ఎక్కించాము. రెండింటికి మాత్రం విండోస్ పూర్తి లైసెన్సులు, పూర్తి ధరకు, రసీదుతో కొన్నాము. టాలీ వంతుల వారీగా ఆ రెండింటి మీద నేర్పుతున్నాము. రాయితీ లేకుండా కొన్నందుకు ఖర్చు ఎక్కువైనది. కాని మరుసటి సంవత్సరం తనిఖీలో కాగితాలు నిలబడినవి. పిల్లలు పరీక్ష వ్రాశారు. ముందు విడతలో నష్టపోయినవారిలో కొందరే తిరిగి వచ్చారు. మిగిలినవారు అప్పటికే పనులలో చేరిపోయారు. ఆ నష్టాన్ని ఏ రాయితీ పూడ్చలేదు.

ఇక చేయవలసినది

మన శాఖలన్నిటికీ, విద్యార్థులకూ ఈ క్రింది విషయాలు విజ్ఞప్తి చేస్తున్నాము.

1. కొనే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ లైసెన్సు ఎవరి పేరున? ఏ యంత్రం మీద? దీనికి ఆధారంగా పాత లైసెన్సు కావాలా? చదువు ముగిసిన తరువాత, లేదా ఉద్యోగపు పనికి, ఇది చెల్లుతుందా? వ్యాపారి నోటి మాట చాలదు. కాగితం మీద చూపించమనండి.

2. పాత యంత్రం కొంటే దాని లైసెన్సు ఆధారం, కొనుగోలు రసీదు తప్పక తీసుకొనండి. యంత్రంతో పాటే ఆ కాగితాలను భద్రపరచండి.

3. విద్యార్థి రాయితీతో వచ్చిన కాపీని సంఘ కార్యాలయంలో వాడకండి. పిల్లలు ప్రేమతో తెచ్చి పెట్టినా సరే. చదువు కొరకు మాత్రమే ఇచ్చిన కాపీలో చందాల లెక్క వ్రాస్తే అది కార్యాలయ వాడుక అవుతుంది.

4. కంప్యూటర్ల మార్పిడి మీద యాజమాన్యంతో చర్చలు జరిగినప్పుడు, తీసివేసే యంత్రాలను ఉద్యోగుల పిల్లలకూ, శిక్షణ కేంద్రాలకూ ఇవ్వమని కోరండి. సమాచారం పూర్తిగా చెరిపివేసి, చట్టబద్ధమైన లేదా స్వేచ్ఛా వ్యవస్థ ఎక్కించి ఇవ్వాలని కూడా వ్రాయించండి.

5. లైసెన్సు షరతుల సారాంశం ప్రాంతీయ భాషలలో, కొనే ముందే చదవడానికి వీలుగా ఉండాలని. గుర్తింపు లేని ఉచిత శిక్షణ కేంద్రాలకు కూడా విద్యా ధర వర్తించాలని ప్రభుత్వాలను, కంపెనీలను కోరుతూ తీర్మానాలు పంపండి.

మిత్రులారా, ఇలాకో హౌస్ ముందు పహరా కాచినవారికి యంత్రం మీద ద్వేషం లేదు. తమను అడగకుండా తమ బ్రతుకును నిర్ణయించరాదన్నది వారి పట్టు. నేడు ఆ నిర్ణయం చిన్న అక్షరాలలో, పరాయి భాషలో, "అంగీకరిస్తున్నాను" అన్న మీట వెనుక దాగి వస్తున్నది. దానిని నొక్కే ముందు చదవడమే ఈనాటి పహరా.

ఈ విడతలో చేరిన విద్యార్థులకు మొదటి పాఠం టైపు చేయడం కాదు. రేపు సాయంకాలం తరగతిలో మీ ముందు ఒక లైసెన్సు పత్రం పెడతాము. దానిని పూర్తిగా చదివి, అర్థం కాని చోట గీత గీసి తీసుకురండి. ఆనాడు మమ్ములను ప్రశ్నించిన అమ్మాయియే ఈ పాఠం చెప్పబోతున్నది. పరీక్ష తప్పిపోయినా ఆమె మరుసటి సంవత్సరం తిరిగి వచ్చి ఉత్తీర్ణురాలైనది. ఇప్పుడు పగలు ఉద్యోగం చేస్తూ, సాయంకాలం మన కేంద్రంలో బోధిస్తున్నది.